అభయమిచ్చిన రేవు: మోటుపల్లి తీరంలో రెండు దినాలు

బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో మోటుపల్లి అనే చిన్న గ్రామం ఉంది. చీరాల నుండి ఒంగోలు వైపు సాగే రైలు మార్గానికి తూర్పున, సరుగుడు తోటలకూ ఇసుక మేటలకూ నడుమ అది ఒదిగి ఉంటుంది. నేడు అక్కడ ఓడ ఆగదు. బస చేయడానికి చెప్పుకోదగిన వసతిగృహం లేదు. ఆదివారం నాడు కూడా ఒడ్డున నిలబడితే మనిషి కంటె పీతలే ఎక్కువగా కనిపిస్తాయి. అయినా ఏడెనిమిది వందల సంవత్సరాల క్రితం దేశదేశాల ఓడ వర్తకుల నోట నలిగిన పేరది.

గత జనవరిలో మా రెండు కుటుంబాలు, పిల్లా పెద్దా కలిసి పదకొండు మందిమి, తెనాలి నుండి బయలుదేరి రెండు దినాలు ఆ తీరంలో గడిపి వచ్చాము. మన ఇళ్లలో ప్రయాణమంటే పెళ్లి, పరామర్శ, ఆసుపత్రి. సముద్రాన్ని చూడడానికే సముద్రం దగ్గరకు పోవడం అరుదు. పోదామనుకున్నా, బిర్యానీ దేగ్చా ఎవరు మోయాలన్న చర్చతోనే సగం పూట గడిచిపోతుంది. "ఆడవాళ్లతో, పసిపిల్లలతో బీచ్‌కు ఏమిటి?" అన్న మాట పెద్దల నోట వెంటనే వస్తుంది. మా దాదీ నోటా వచ్చింది. ఆ మాటలో రెండు భయాలున్నాయి. ఒకటి గుంపుల నడుమ మర్యాదను గురించినది, రెండవది నీటిని గురించినది. మొదటి భయానికి మోటుపల్లి వంటి చిన్న ఊరు మంచి జవాబు. రెండవ భయం న్యాయమైనది. ఈ తీరం పొడవునా ప్రతి సంవత్సరం యువకులు సముద్రానికి బలి అవుతూనే ఉన్నారు. కనుక మేము చూచిన వింతలతో పాటు, ఆ నీటి స్వభావాన్ని గురించి పల్లెపాలెం వారు మాకు నేర్పినది కూడా ఇక్కడ కొంత విస్తరంగానే చెప్పదలచాము.

ముందుగా ఊరి గొప్పతనం. కాకతీయ చక్రవర్తి గణపతిదేవుడు 1244-45లో ఇక్కడ ఒక శాసనం వేయించాడు. ఊరిలోని వీరభద్రాలయ స్తంభంపై ఉన్న ఆ శాసనాన్ని చరిత్రకారులు అభయ శాసనం అంటారు. అభయం ఎవరికి? సముద్ర వర్తకులకు. అంతకు మునుపు తీర రాజ్యాలలో ఒక దుష్టాచారం ఉండేది. ఒక దేశం నుండి మరొక దేశానికి పోయే ఓడ తుఫానులో చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొని వస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు సమస్తం ఆ తీరాన్ని ఏలే రాజుకు చెందేవి. ప్రాణాలతో ఒడ్డు చేరిన వర్తకుడు ఇసుకపై నిలబడి తన సరుకు బండ్లకెక్కుతుంటే చూస్తూ ఉండవలసినదే. గాలి సగం దోచుకుంటే రాజు మిగతా సగం దోచుకొనేవాడన్నమాట.

గణపతిదేవుడు ఆ ఆచారాన్ని రద్దు చేశాడు. ప్రాణం కంటె ధనాన్ని మిన్నగా ఎంచి సముద్రాన్ని దాటే సాహసం చేసే వారిపై దయతలచి, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోమని ఆ శాసనంలో మాట ఇచ్చాడు. ఎగుమతి, దిగుమతి సరుకుపై సుంకం ముప్పైవ వంతు. ఏయే సరుకుకు ఎంత అన్నది కూడా రాతిపై చెక్కించాడు. మంచి గంధం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టు దారం, పగడం, మిరియాలు, పోకలు ఆ పట్టికలో ఉన్నాయి. పన్నీరు పేరు విన్నప్పుడు మాతో వచ్చిన ఆడపిల్లలకు పెళ్లింటి గులాబ్‌దానీ గుర్తుకు వచ్చింది. వ్యాపారంలో మాట నిలుపుకోవడాన్ని గురించి పిల్లలకు ఇళ్లలో ఎంత చెప్పినా, ఆ మాట రాయిగా నిలిచిన చోటికి తీసుకొని పోయి చూపించడం వేరు. మా అబ్బాయిలలో ఒకడు లెక్కకట్టి, "నూటికి మూడు రూపాయల ముప్పై మూడు పైసలు" అని చెప్పాడు. నేటి పన్నుల పక్కన పెట్టి చూస్తే గణపతిదేవుడు ఉదారుడే!

ఆ చక్రవర్తి అనంతరం కుమార్తె రుద్రమదేవి రాజ్యానికి వచ్చింది. వెనీసు యాత్రికుడు మార్కోపోలో పదమూడవ శతాబ్దం చివర తన వృత్తాంతంలో ముత్ఫిలి అనే రాజ్యాన్ని వర్ణించాడు. ముత్ఫిలి అంటే మోటుపల్లి. రేవు పేరునే అతడు రాజ్యానికి పెట్టాడు. దానిని ఒక స్త్రీ న్యాయంగా ఏలుతున్నదని, అక్కడ వజ్రాలు దొరుకుతాయని, సాలెగూడు వంటి సన్నని వస్త్రాలు నేస్తారని రాశాడు. వజ్రాలున్న లోయలోకి మాంసపు ముద్దలు విసిరితే గ్రద్దలు వాటిని వజ్రాలతో సహా ఎత్తుకొని వస్తాయన్న కథ కూడా అందులోనే ఉంది. సింద్‌బాద్ కథ తెలిసిన పిల్లలు ఆ గ్రద్దలను వెంటనే గుర్తుపట్టారు. ఓడలతో పాటు కథలు కూడా రేవు నుండి రేవుకు ప్రయాణం చేస్తాయి కదా! ఆ తరువాత కాకతీయ రాజ్యం పడిపోయి రేవు పాడుపడగా, 1358లో కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి మళ్లీ శాసనం వేయించి, వచ్చి స్థిరపడే వర్తకులకు భూమి ఇస్తామని, వెళ్లిపోదలచిన వారిని నిర్బంధించమని హామీ ఇచ్చాడు.

ఇక సముద్రం. తూర్పు తీరంలో దాని సొగసంతా తెల్లవారు జామునే. మేము ఫజ్ర్ నమాజు ఒడ్డుననే చేశాము. సముద్రపు నీటితో వుజూ చెల్లుతుంది కనుక నీటి వెదుకులాట లేదు. అలలు తడిపి వదలిన ఇసుక గట్టిగా, చల్లగా, చాప పరచినట్లే ఉంటుంది. మన తీరంలో ఖిబ్లా పడమట దిక్కుకు, కొంచెం ఉత్తరంగా ఉంటుంది. కనుక బంగాళాఖాతపు ఒడ్డున నమాజుకు నిలబడితే సముద్రం మన వీపు వెనుక ఉంటుంది. కేరళ తీరంలో నిలబడిన వారికి అదే సముద్రం ఎదుట ఉంటుంది. చదువుకొన్న విషయమే అయినా, సజ్దాలో ఉండగా వెనుక నుండి అల చప్పుడు దగ్గరకు వస్తుంటే కలిగే భావం వేరు. మా చిన్నపిల్లవాడు మాత్రం రెండు రకాతులలో నాలుగుసార్లు వెనుకకు తిరిగి చూశాడు.

సలాం చెప్పి తిరిగేసరికి తూర్పున ఎరుపు విచ్చుకొంటున్నది. అప్పటికే బెస్తలు అలివి వల దింపుతున్నారు. అలివి వల లాగడం చూడని వారు ఒకసారి తప్పక చూడాలి. వల ఒక కొస తాడు ఒడ్డున ఉంచి, పడవ లోనికి పోయి, పెద్ద అర్ధచంద్రం గీచినట్లు వలను వదలుతూ దూరంగా మరొక చోట ఒడ్డుకు వస్తుంది. ఇక రెండు తాళ్లను రెండు గుంపులు లాగాలి. ముఖాలు సముద్రం వైపు, అడుగులు వెనుకకు. వెనుక చివరనున్న మనిషి ఇసుక మెట్ట చేరగానే తాడు వదలి మళ్లీ నీటి అంచుకు పోయి ముందు పట్టుకొంటాడు. లాగుతూ లాగుతూ రెండు గుంపులూ ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి. చివరకు నడుమనున్న సంచి ఒడ్డుకు చేరుతుంది. దాదాపు రెండు గంటల పని. మా మగపిల్లలు, ఇద్దరు పెద్దవాళ్లు అడిగి తాడు పట్టారు. పది నిమిషాలలో అరచేతులు మండిపోయాయి. జిమ్‌కు పోతున్నానని గొప్పలు చెప్పే మా మేనల్లుడు అందరి కంటె ముందు తాడు వదిలాడు.

ఆ దినం సంచిలో కవళ్లు, నెత్తళ్లు, కొద్దిగా కానాగంతలు, నాలుగు సావళ్లు పడ్డాయి. అంత మంది శ్రమకు అది చాలదు. "మా నాయన రోజుల్లో ఈ వల ఎత్తలేకపోయేవాళ్లం అయ్యా. ఇప్పుడు తాడు బరువే చేప బరువు" అన్నాడు వలకు పెద్దగా ఉన్న ముసలాయన. వల కన్ను చిన్నది చేసి పిల్ల చేపలను కూడా ఊడ్చివేయడమే దీనికి మూలమని, ఆ విషయమై ఊళ్ల మధ్య తగాదాలు కూడా వస్తున్నాయని చెప్పాడు. ప్రతి సంవత్సరం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినాలు తూర్పు తీరమంతటా మరపడవల వేటకు నిషేధం ఉన్నది కూడా చేప గుడ్లు పెట్టే కాలాన్ని కాపాడడానికే. ఆ కాలంలో పోయేవారికి పడవల సందడి కనిపించదు. చేప కూడా ప్రియమే.

చేపలు కొనే పని ఆడవాళ్లు తీసుకొన్నారు. బుర్ఖాలలో ఉన్న మా వాళ్లను చూచి పల్లె స్త్రీలు మొదట కొంచెం దూరంగానే ఉన్నారు గాని, బేరం మొదలయ్యేసరికి ఆ దూరం పోయింది. ఒకామె ఎంతో ప్రేమగా పెద్ద పీతను ఎత్తి చూపించి, "ఇది తీసుకోమ్మా, పిల్లలకు బలం" అన్నది. మేము హనఫీలం, పీత మా వంటింటికి రాదు. వద్దంటే ఆమెకు అర్థం కాలేదు. రొయ్య విషయంలో పండితుల మధ్య అభిప్రాయ భేదం ఉంది. అది మా ఇంట్లో కూడా ఉంది! ఒక కుటుంబం కొన్నది, మరొక కుటుంబం కొనలేదు, వండిన తరువాత రెండు కుటుంబాల పిల్లలూ తిన్నారు.

నీటి సంగతి

ఎండ కాస్త ఎక్కగానే పిల్లలు నీటిలోకి దిగుతామన్నారు. ఎదుట అలలు విరుగుతున్నాయి. ఎడమ పక్కన కొంత దూరంలో మాత్రం అల విరగకుండా, నీరు నున్నగా, కొంచెం ముదురు రంగులో ఉంది. చూచినవారెవరైనా అదే భద్రమైన చోటనుకొంటారు. పిల్లలు అటు నడవబోతుండగా ఆ ముసలాయనే కేకవేసి ఆపాడు. "సాయిబుగారూ, అక్కడ అల ఇరగట్లేదని మంచి సోటనుకోమాకండి. వచ్చిన నీళ్లు తిరిగి లోపలికి పోయే దారి అది."

ఆయన చెప్పినది శాస్త్రం చెప్పే దానికి అక్షరాలా సరిపోతుంది. అలలు నీటిని ఒడ్డుకు నెట్టుతూనే ఉంటాయి. ఆ నీరు తిరిగి పోవాలి కదా! తీరానికి కొద్ది దూరంలో నీటి అడుగున ఇసుక గట్లు ఉంటాయి. ఆ గట్టు ఎక్కడ తెగి ఉంటే అక్కడ నుండి నీరంతా ఇరుకు కాలువలా వేగంగా లోనికి పారుతుంది. ఆ గండిలో లోతు ఎక్కువ కనుక అల విరగదు. అందుకే అది ప్రశాంతంగా కనిపిస్తుంది. ఆ గండి స్థిరంగా ఉండదు. నిన్న భద్రమైన చోటు నేడు కాకపోవచ్చు. పోయిన సంవత్సరం వచ్చి ఈతలాడి వెళ్లినవాడు ఈ సంవత్సరం అదే ధీమాతో దిగి మునిగిపోవడం ఇందువల్లనే జరుగుతుంది. రామాపురం, ఓడరేవు, సూర్యలంక వంటి పేరున్న తీరాలలో సెలవు దినాలలో గుంపులుగా వచ్చే విద్యార్థులు పోగొట్టుకొన్న ప్రాణాలు తక్కువేమీ కావు. మరణాల తరువాత తీరాలను కొన్నాళ్లు మూసివేసిన సందర్భాలు కూడా ఉన్నాయి.

ఆ ప్రవాహంలో చిక్కిన మనిషి చేసే పని ఒడ్డు వైపు ఈదడం. అదే అతడిని చంపుతుంది. ప్రవాహానికి ఎదురీది గెలవడం గజ ఈతగానికి కూడా కష్టం, అలసిపోయి మునుగుతాడు. ప్రవాహం మనిషిని లోనికి లాగుతుంది గాని అడుగుకు లాగదు. వెల్లకిలా తేలుతూ, చేయి ఎత్తి పిలుస్తూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరిగితే కొద్ది గజాలలోనే ఆ కాలువ అంచు దాటవచ్చు. అక్కడి అలలే మళ్లీ ఒడ్డు వైపు నెడతాయి. ఒడ్డున ఉన్నవారు వెనుక దూకరాదు. ఒకరిని రక్షించబోయి ముగ్గురు పోవడం తరచు అలాగే జరుగుతుంది. మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా, తాడు, ఏదైనా తేలే వస్తువు విసరాలి. బెస్తలను కేకవేయాలి, 112కు ఫోన్ చేయాలి. ఒడ్డుకు తెచ్చిన మనిషిని తలక్రిందులుగా పట్టుకోవడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మన వైపు అలవాటు. అది హాని చేస్తుంది. ఊపిరి ఆడనివారిని వెల్లకిలా పడుకోబెట్టి వెంటనే నోటితో శ్వాస ఇవ్వడం, రొమ్ముపై నొక్కడం ప్రారంభించాలి. 108 వాహనం వచ్చేలోపు అదే ప్రాణాధారం. ఈ పద్ధతిని ప్రతి ఇంట్లో కనీసం ఇద్దరు నేర్చుకొని ఉండాలని మా అభిప్రాయం.

స్త్రీల విషయంలో మరొక మాట. బుర్ఖా, చున్నీ, పొడవాటి కుర్తా తడిస్తే చాలా బరువెక్కుతాయి; అల వెనుకకు పోయేటప్పుడు కాళ్లకు చుట్టుకొని పడవేస్తాయి. పాదాలు తడిసేంత నీటితో తృప్తి పడడం మంచిది. అందులో సుఖం తక్కువేమీ లేదు. అల వచ్చి వెనుకకు తీసినప్పుడు కాలి కింద ఇసుక జారి మనమే కదులుతున్నట్లనిపిస్తుంది చూడండి, డెబ్బై రెండేళ్ల మా దాదీ ఆ ఆటను గంటకు పైగా ఆడింది. బయలుదేరేటప్పుడు అడ్డుపడిన మనిషి ఆమే.

పిల్లలను మేము జతలుగా కట్టి, ఒక్కొక్క జతకు ఒక పెద్ద మనిషిని నియమించి, ఆ పెద్ద మనిషి ఫోను తీసి సంచిలో వేయించాము. మోకాలు దాటి ఎవరినీ పోనీయలేదు. దానితో వాళ్ల ఆనందం తగ్గలేదు. ఇసుక పీతల వెంట పరుగెత్తారు. అవి పట్టుబడవు, బొరియ నోటి దగ్గర ఆగి, కాడల పైనున్న కళ్లతో చూచి, చటుక్కున మాయమవుతాయి. గాలిపటాలు ఎగరేశారు. తీరంలో గాలి పగటిపూట సముద్రం నుండి నేలకు వీస్తుంది కనుక దారం సరుగుడు చెట్లలో చిక్కకుండా చూచుకోవాలి. పల్లె పిల్లలతో కబడ్డీ ఆడి ఓడిపోయారు. ఇసుకలో పుట్టి పెరిగిన వారి కాళ్ల బలం పట్నపు పిల్లలకు ఎక్కడిది!

దొరువులు, ఉప్పు మడులు

సాయంకాలం పొలాల వైపు నడిచాము. ఈ ప్రాంతపు వ్యవసాయంలో మమ్మల్ని ఆశ్చర్యపరచినది దొరువు. దొరువంటే ఇసుక నేలలో తవ్విన గుంట. సముద్రం పిలిస్తే పలికేంత దగ్గరలో ఉన్నా ఆ గుంటలో మంచినీళ్లు ఊరుతాయి. పూర్వం రైతులు కావడితో రెండు కుండలు భుజాన వేసుకొని గుంటలోకి దిగి, నీరు ముంచి, మొక్క మొక్కకూ చల్లేవారు. నేడు మోటార్లు వచ్చాయి. ఉప్పు సముద్రం పక్కన తీపి నీరెలా? వాన నీరు ఇసుకలోకి ఇంకి, తేలికైనది కనుక కింది ఉప్పునీటి మీద పలుచని పొరగా తేలుతూ ఉంటుంది. దొరువు ఆ పై పొరనే అందుకొంటుంది. ఆశపడి లోతుగా బోరు దింపినా, ఎక్కువగా తోడినా కింది ఉప్పునీరు పైకి లేస్తుంది. ఒకసారి లేచిన ఉప్పు త్వరగా దిగదు. చుట్టుపక్కల రొయ్యల చెరువులు పెరిగిన కొద్దీ, వాటి ఉప్పునీరు ఇంకి దొరువులు చెడుతున్నాయని రైతులు బాధపడ్డారు. రొయ్య వల్ల డబ్బు వచ్చిన మాట నిజమే. అయితే ఆ డబ్బుతో తాగే నీళ్లను డబ్బాలలో కొనుక్కోవలసి వస్తున్నది. ఈ లెక్క ఎవరికి లాభమో మాకు బోధపడలేదు.

చినగంజాం ఉప్పు మడులు ఈ ప్రాంతంలో ప్రసిద్ధం. జనవరిలో మడులు సిద్ధం చేసి, వేసవి అంతా పంట తీస్తారు. కూలీలు పాదాలు పగిలి ఉప్పులో నిలబడే దృశ్యాన్ని చూచిన మా కోడలు, ఆ రాత్రి కూరలో ఉప్పు ఎక్కువైందని ఎవరూ ఫిర్యాదు చేయరాదని శాసించింది. ఇది గణపతిదేవుని శాసనం కంటె కఠినంగా అమలైంది.

ఇదే మండలంలోని పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువ మొదలై దక్షిణాన చెన్నపట్నం దాటి పోతుంది. 1877-78 కరువులో పని లేని ప్రజలకు కూలి ఇచ్చి దానిలో కొంత భాగం తవ్వించారు. ధాన్యం, ఉప్పు, కట్టెలు మోసిన పడవలు ఒకప్పుడు అందులో నడిచేవి. 2004 డిసెంబరు 26 సునామీ నాడు, తీరానికి సమాంతరంగా ఉన్న ఈ కాలువ ఎగసివచ్చిన నీటిని కొంత తనలోకి తీసుకొని వెనుకనున్న వారిని కాపాడిందని శాస్త్రజ్ఞులు రాశారు. నేడది చాలా చోట్ల పూడిపోయి ఉంది.

జనవరి నుండి మార్చి వరకు రాత్రులలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ తీరానికి వచ్చి, ఇసుకలో గుంట తవ్వి, ఒక్కొక్కటి వంద వరకు గుడ్లు పెట్టి, కప్పి, తిరిగి పోతాయి. నెలన్నర, రెండు నెలలకు పిల్లలు బయటికి వచ్చి, వెలుతురు ఉన్న దిక్కును సముద్రమనుకొని నడుస్తాయి. అందుకే ఒడ్డున పెద్ద దీపాలు, మంటలు వేయడం వాటికి ప్రాణాంతకం. మేము రాత్రి టార్చి ఆర్పి కూర్చున్నాము గాని తాబేలు రాలేదు. తెల్లవారి చూస్తే మేము కూర్చున్న చోటికి కొంత దూరంలో ట్రాక్టరు చక్రపు ముద్ర వంటి జాడ ఇసుకపై కనిపించింది. మాకు తెలియకుండానే వచ్చి పోయింది! ఆ గుడ్లను తీయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పిల్లలు ఆ చోటు చుట్టూ పుల్లలు పాతి, అటవీ శాఖవారికి తెలియజేయమని పల్లెవారితో చెప్పి వచ్చారు.

రెండవ దినం మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో వేటపాలెంలో ఆగాము. 1918లో మొదలై, 1929లో గాంధీజీ శంకుస్థాపన చేసిన భవనంలో నడుస్తున్న సారస్వత నికేతనం గ్రంథాలయం అక్కడ ఉంది. పాత పత్రికల సంపుటాలు చూడగోరేవారు ఒక పూట ప్రత్యేకించి కేటాయించుకోవాలి. మాకు గంట మాత్రమే దొరికింది. వేటపాలెం జీడిపప్పు సంగతి మీకు తెలిసినదే, కొన్నాము.

చీరాల నేత గురించి చెప్పకుండా ఈ ప్రయాణం ముగియదు. సాలెగూడు వంటి బట్ట అని మార్కోపోలో మెచ్చుకొన్న నేత ఈ ప్రాంతానిదే. ఆ వారసత్వంలో వచ్చినది తేలియా రుమాలు. నూలును ఆముదంలోనో నువ్వుల నూనెలోనో, ఆముదపు కాయల బూడిద కలిపిన నీటిలో, దినాల తరబడి పిసికి, ఎండబెట్టి, మళ్లీ పిసికి, ఆ తరువాత ఎరుపు, నలుపు రంగులు అద్ది నేసే చదరపు బట్ట ఇది. నూనె పట్టిన నూలు రంగు వదలదు. ఎండలో తలను చల్లగా ఉంచుతుందని పేరు. అందుకే ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఇది ఓడలకెక్కి అరబ్బు దేశాలకు, తూర్పు ఆఫ్రికాకు, బర్మాకు పోయింది. అరబ్బులు తలగుడ్డగా కట్టుకొన్నారు. ఇక్కడి బెస్తలు అదే బట్టను నడుముకు చుట్టి సముద్రంలోకి పోయారు. హైదరాబాదు నిజాం అంతఃపురంలో అది దుపట్టా అయింది. ఎడారిలోని అరబ్బు తలపైన, తెప్ప మీది బెస్తవాని నడుమున ఒకే నేత!

నేడు చీరాలలో ఆ నేత దాదాపు కనిపించదు. ఆ విద్య నిలిచినది తెలంగాణలోని పుట్టపాకలో. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు లభించింది. చీరాలలో మేము వాకబు చేస్తే ఒక దుకాణంలోని పెద్దాయన, "నా చిన్నప్పుడు మా వీధంతా ఆ నూనె వాసనే సాయిబుగారూ" అని, తన దగ్గర అమ్మకానికి లేకపోయినా ఇంట్లో దాచుకొన్న పాత రుమాలు ఒకటి తెప్పించి చూపించాడు. అంచులు చిరిగాయి, ఎరుపు మాత్రం ముదురుగానే ఉంది. దాదీ దానిని ముక్కు దగ్గర పెట్టుకొని చూచి, వాసన ఇంకా పోలేదన్నది.

పోదలచిన వారికి కొన్ని మాటలు. విజయవాడ, తెనాలి వైపు నుండి వచ్చేవారు చీరాలలో దిగితే బస, భోజనం, ఆటోలు అన్నీ దొరుకుతాయి. ప్యాసింజరు రైళ్లు వేటపాలెం, కడవకుదురు, చినగంజాంలలో కూడా ఆగుతాయి. నవంబరులో తుఫానుల భయం, మేలో ఎండ. డిసెంబరు చివర నుండి ఫిబ్రవరి వరకు మంచి కాలం. తాగే నీరు వెంట తీసుకొని పోవాలి. ఒడ్డున స్త్రీలకు బట్టలు మార్చుకొనే వసతి లేదు. మేము ఒక దుప్పటి, నాలుగు సరుగుడు కర్రలతో ఆ లోటు తీర్చుకొన్నాము. ఆ కర్రలిచ్చిన రైతు డబ్బు పుచ్చుకోలేదు. తెచ్చిన ప్లాస్టిక్ సంచులను తిరిగి తీసుకొని పోతే చాలన్నాడు.